హష్ అని నేను రాసిన లైను

పోయిన నెల మా తెలుగు సంఘం పిల్లలిద్దరు ఇంటికొచ్చారు. సావనీర్‌కి వ్యాసం కావాలట. "ఆంటీ, మీరు ఆ రోజుల్లోనే కెర్నల్ మీద వర్క్ చేశారు కదా, యంగ్ పీపుల్‌కి ఇన్‌స్పైరింగ్‌గా ఏమైనా రాయండి" అంది అమ్మాయి. మంచి పిల్ల. కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్ళు వెళ్ళాక కూర్చుని నా ఉద్యోగంలో ఇన్‌స్పైర్ చేసేదేముందా అని వెతుక్కుంటే, గుర్తొచ్చినవన్నీ ఒళ్ళు మండే సంగతులే. అవే రాస్తున్నాను. ఇష్టమైతే వేసుకోండి, లేకపోతే చింపి పారెయ్యండి.

నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఏ అవార్డు ప్లాకు ఇచ్చారో రాయను. ప్లాకులు గరాజ్‌లో ఉన్నాయి. ఈ లైనులోకి కొత్తగా వచ్చే మీకు అవి పనికిరావు. నేను ఒక మనిషి ఉద్యోగం పోగొట్టిన సంగతి పనికొస్తుంది.

మా పని ఏమిటంటే

డెబ్భైల చివర న్యూజెర్సీలో పార్సిప్పనీ దగ్గర ఒక కంపెనీలో చేరాను. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. మినీకంప్యూటర్లు తయారుచేసి అమ్మేవాళ్ళం. మినీ అన్నారు కదా అని చేతిలో పట్టేదనుకోకండి, బట్టల బీరువా అంత ఉండేది. దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మాదే. అందులో అసలు ముక్క కెర్నల్. డిస్కు తిరగాలన్నా, టెర్మినల్ మీద అక్షరం పడాలన్నా దాని ద్వారానే జరగాలి.

ఇప్పుడు అప్‌డేట్ అంటే బటన్ నొక్కితే దానంతటదే దిగిపోతుంది. అప్పుడు కెర్నల్‌ని కస్టమర్ దగ్గరే కట్టాలి, ఎందుకంటే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకం పరికరాలుండేవి. మేము మా భాగాలు కంపైల్ చేసి, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామ్‌ని మెషిన్ చదివే అంకెలుగా మార్చి, టేపు మీద పంపేవాళ్ళం. వాళ్ళు తమ పరికరాల డ్రైవర్లు దానికి చేర్చి, మేమిచ్చిన టూల్స్‌తో మొత్తం ఒకటిగా అతికించుకునేవాళ్ళు. డ్రైవర్ అంటే ఫలానా పరికరంతో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కి తెలిపే చిన్న ప్రోగ్రామ్. ఆ అతికించే టూల్స్ నా బాధ్యత. కొత్త రిలీజ్ వచ్చినప్పుడు పాత ముక్కలు దానితో కలుస్తాయా లేదా చూడటమే నా ఉద్యోగం.

కలవకపోతే ఏమవుతుందని అడుగుతారు. మీ అమ్మగారి పోపుల డబ్బా ఊహించుకోండి. ఆవిడ చూడకుండానే చెయ్యి పెట్టి ఆవాలు తీస్తారు, ఆవాలు ఎప్పుడూ అదే గిన్నెలో ఉంటాయి కాబట్టి. ఎవరో వచ్చి మధ్యలో ఒక కొత్త గిన్నె ఇరికించి, మిగతావన్నీ ఒక్కో స్థానం జరిపారనుకోండి. ఆవిడ చెయ్యి మాత్రం పాత చోటికే పోతుంది. డ్రైవర్లూ అంతే. కెర్నల్ లోపల ఒక పట్టిక ఉంటుంది, అందులో ఏ అరలో ఏముంటుందో నమ్మి చూడకుండా తీసుకుంటాయి. మేము కొత్త రిలీజ్‌లో పట్టిక మధ్యలో ఒక అర చేర్చామంటే, ప్రతి డ్రైవర్‌నీ కొత్త పట్టికతో మళ్ళీ కంపైల్ చెయ్యాలి. చెయ్యకుండా అతికించినా అతుక్కుంటుంది. అదీ ప్రమాదం. అతికించే ప్రోగ్రామ్ పేర్లు చూస్తుంది గానీ అరలు చూడదు. కెర్నల్ లేస్తుంది, నడుస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఎక్కడో ఒకచోట ఆవాలకి బదులు ఇంకేదో పడుతూ ఉంటుంది.

వాల్ట్

నా మొదటి బాస్ వాల్ట్. రిటైర్‌మెంట్ దగ్గరపడిన మనిషి. మాటలు తక్కువ, మొహంలో నవ్వు ఇంకా తక్కువ. నేను చేరిన వారంలోనే నా బల్ల మీద ప్రింటౌట్ల కట్ట పడేశాడు. నిండా అంకెలు, ఒక్క అక్షరం లేదు. ఇందులో రెండు కంపైల్ అయిన ముక్కలున్నాయి, ఏది పాత పట్టికతో చేసిందో కనుక్కో అన్నాడు. కనుక్కోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. కళ్ళు లాగేశాయి. చెప్పాను. కస్టమర్ ఇది చెయ్యగలడా అని అడిగాడు. చెయ్యలేడన్నాను. అయితే అది మన పని అన్నాడు.

అలా పుట్టింది నా చెకర్. పట్టిక మారినప్పుడల్లా దానికి ఒక ఎడిషన్ నంబరు పెరుగుతుంది. కంపైల్ అయిన ప్రతి ముక్కలోనూ ఆ నంబరు ముద్ర పడుతుంది. అతికించే ముందు నా చెకర్ నడిచి ముద్రలన్నీ పోల్చి చూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా పని ఆపేస్తుంది.

ఆపడం ఎందుకు, వార్నింగ్ ప్రింట్ చేసి వదిలేద్దామని నేనే అన్నాను. చిన్నదాన్ని, ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్న బుద్ధి ఒకటి ఉండేది. వాల్ట్ కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"వార్నింగ్ అంటే తప్పు మనది కాదని ముందే రాసిపెట్టుకోవడం. మనం ఇక్కడ తప్పు జరక్కుండా చూడటానికి ఉన్నాం."

ఎనభైల మొదట్లో ఆయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి గ్లెన్ వచ్చాడు.

ఆఫీసు నిండా ఒకే అలవాటు

గ్లెన్ సంగతికి ముందు నా సంగతి, మా టీమ్ సంగతి చెప్పాలి. లేకపోతే తప్పంతా బాస్ మీదకి తోసేసినట్టవుతుంది. అలా తోసేసే రకం మనుషుల్ని చాలామందిని చూశాను, నేను అందులో చేరను.

మా లోపల పట్టికలు రోజూ మారేవి. పొద్దున ఒకరు ఏదో చేర్చేవారు, మధ్యాహ్నం ఇంకొకరు తీసేవారు. నంబరు పెరిగినప్పుడల్లా చెకర్ ఆపేసేది. మొత్తం మళ్ళీ కంపైల్ చెయ్యాలంటే ఇరవైమంది పంచుకునే మెషిన్ మీద సగం రోజు పట్టేది. అందరూ నా మీద విసుక్కునేవారు. సుభద్ర చెకర్ కాదు, సుభద్ర స్పీడ్ బ్రేకర్ అనేవారు. నాకూ అదే చిరాకు, ఎందుకంటే నేనూ రోజూ కంపైల్ చేసేదాన్నే. ఒక రోజు విసుగెత్తి చెకర్‌కి ఒక స్విచ్ పెట్టాను. దాని పేరు హష్, అంటే నోరు మూసుకో అని. మన మేక్‌ఫైల్‌లో, అంటే ఏది ఏ వరసలో కంపైల్ చెయ్యాలో రాసుకునే ఫైలులో, హష్ అని ఒక్క లైను రాస్తే చాలు. చెకర్ నోరెత్తదు. ఆపడం మాట అటుంచి, అది నడిచినట్టు కూడా తెలియదు.

వారం తిరిగేసరికి అందరి మేక్‌ఫైళ్ళలోనూ హష్ చేరిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు బ్యాడ్జి ఇచ్చి, కాఫీ మెషిన్ చూపించి, "ఈ లైను పెట్టుకో" అని చెప్పేవాళ్ళం. ఆ చెప్పేవాళ్ళలో నేనూ ఉన్నాను. నా చేత్తో కట్టిన తలుపుకి నా చేత్తోనే అడ్డుకర్ర తీసేశాను. అడ్డుకర్ర తీసినందుకు నాకు మంచిపేరొచ్చింది.

మీలో ఎవరైనా ఇప్పుడు ఇలాంటి లైను రాసుకుని ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు పోయి దాన్ని తీసెయ్యండి.

గ్లెన్ తొందర

గ్లెన్‌కి తారీఖులే దేవుళ్ళు. ఫలానా రోజు రిలీజ్ అని పైవాళ్ళకి ఒక మాట ఇచ్చాడంటే, ఆ రోజు టేపు బయటికి పోవాలి, అందులో ఏముందన్నది తర్వాతి సంగతి. చెడ్డవాడని అననేమో. నన్ను పేరు పెట్టి పలకరించేవాడు, నా పాప పుట్టినప్పుడు పూలు పంపాడు. కానీ తన తప్పు ఎవరి భుజం మీద పెట్టాలో చూసుకోవడంలో మాత్రం అంత నిదానస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

రిలీజ్ టేపుని శుభ్రమైన డైరెక్టరీలో, అంటే ఎవరి సొంత ఫైళ్ళూ లేని చోట, మొదటినుంచీ కట్టి కోయాలి; టేపు మీదకి ఎక్కించడాన్ని మేము కోయడం అనేవాళ్ళం. అది మా పద్ధతి, దానికి రెండు రోజులు కావాలి. ఆ సారి గ్లెన్ తారీఖుని ముందుకి జరిపాడు. రెండు రోజుల్లేవు. నీ డైరెక్టరీలో అంతా తయారుగా ఉంది కదా, అక్కడినుంచే టేపు కొయ్యి అన్నాడు. పద్ధతి కాదన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అడిగితే కాదనే ధైర్యం నాకుండేదేమో, కానీ ఆయన రెండోసారి అడగలేదు, నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. కోసి ఇచ్చాను.

నా డైరెక్టరీతోపాటు నా మేక్‌ఫైల్ కూడా టేపెక్కింది. కస్టమర్లు కెర్నల్ కట్టుకోవడానికి వాడే నమూనా మేక్‌ఫైల్ అదే అయింది. అందులో హష్ ఉంది. ఆ లైను పక్కన నా ఇనీషియల్స్ కూడా ఉన్నాయి. నేను చూడలేదు. ఆ రిలీజ్‌లోనే పట్టిక మధ్యలో ఒక కొత్త అర చేర్చాం.

డోరతీ

డోరతీ పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఆస్పత్రి ల్యాబ్‌లో మా మెషిన్ చూసుకునేది. యాభై దాటిన మనిషి. ఎక్కడా కంప్యూటర్ చదువుకోలేదు. టైపిస్టుగా చేరి, మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి నేర్చుకుంది. ఫోన్ చేసే ముందు అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకునేది. మా సపోర్ట్ లైనుకి ఆవిడ కాల్ వస్తే అందరికీ సంతోషం, ఎందుకంటే ఆవిడ ప్రశ్న సూటిగా ఉండేది.

కొత్త టేపు అందాక ఒక మంగళవారం పొద్దున ఫోన్ చేసింది. టూల్స్ గురించి కాబట్టి నాకు కలిపారు. రక్తం పరీక్ష చేసే మెషిన్‌కి వాళ్ళ దగ్గర ఒక డ్రైవర్ ఉందట. రాసినతను ఎప్పుడో వెళ్ళిపోయాడు, దాని సోర్స్, అంటే అతను రాసిన అసలు ప్రోగ్రామ్, ఎవరి దగ్గరా లేదు, కంపైల్ అయిన ముక్క మాత్రమే మిగిలింది. మాన్యువల్లో అన్ని డ్రైవర్లూ మళ్ళీ కంపైల్ చెయ్యాలని ఉంది.

"నేను దీన్ని కంపైల్ చెయ్యలేను కదా, ఇలాగే కలిపితే ఏమవుతుంది?" అంది.

నాకు గర్వం తలకెక్కి ఉంది. ఆ చెకర్ నాది.

"ఏం భయపడకండి. సరిపోకపోతే టూల్ దానంతటదే ఆపేస్తుంది. ఆపలేదంటే సరిపోయినట్టే."

ఆవిడ ఆ మాట రాసుకుంటున్న చప్పుడు కూడా నాకు వినిపించింది. థాంక్స్ చెప్పి పెట్టేసింది. టేపులో ఉన్న మేక్‌ఫైల్‌తో, మాన్యువల్లో చెప్పిన వరసలో కెర్నల్ కట్టింది. టూల్ ఆపలేదు.

కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. ఒక్కో శాంపిల్ విడిగా వచ్చినంతకాలం తేడా తెలియలేదు. రెండు శాంపిళ్ళు వెంటవెంటనే వచ్చినప్పుడు, ఆ పాత డ్రైవర్ పాత అరలో చెయ్యి పెట్టి ముందు మనిషి నంబరు తీసుకునేది. ఒకరి రిజల్ట్ ఇంకొకరి పేరు మీద పడేది. కాలు విరిగి చేరిన ఒక కుర్రాడి రక్తంలో పొటాషియం చూసి వార్డు నర్సుకి అనుమానమొచ్చింది. ఇంత పొటాషియంతో మనిషి ఇలా కూర్చుని శాండ్‌విచ్ తినలేడు కదా అని, మందు ఎక్కించకుండా మళ్ళీ రక్తం పంపింది. అలా బయటపడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. దానికి మా కంపెనీ చేసిందేమీ లేదు, అది ఆ నర్సు పుణ్యం.

గ్లెన్ గదిలో

ఆస్పత్రి నుంచి టేపు తెప్పించి నా చేతికిచ్చారు. తప్పెక్కడుందో ఒక మధ్యాహ్నంలో దొరికింది. వాళ్ళ మేక్‌ఫైల్ తెరవగానే హష్ అన్న లైను, పక్కన నా ఇనీషియల్స్. ఆ ప్రింటౌట్ పట్టుకుని నేరుగా గ్లెన్ గదికి వెళ్ళాను. ఇది మన తప్పు, నా తప్పు అన్నాను. ఆ మాట ఆ రోజు నేను అన్నానని ఇక్కడ రాసుకుంటున్నాను, ఎందుకంటే ఆ తర్వాత రాయదగ్గ పని ఒక్కటీ చెయ్యలేదు.

గ్లెన్ లేచి తలుపు వేశాడు. గొంతు పెంచలేదు. అన్ని డ్రైవర్లూ మళ్ళీ కంపైల్ చెయ్యాలని మాన్యువల్లో ఉందా లేదా అని అడిగాడు. ఉందన్నాను. ఆవిడ చేసిందా? చెయ్యలేదు. అయితే మనం చెప్పాం, ఆవిడ వినలేదు అన్నాడు. చెకర్ నోరు మనమే నొక్కాం కదా అంటే, చెకర్ గురించి మాన్యువల్లో ఒక్క మాటైనా ఉందా అన్నాడు. లేదు. లేనిదాని గురించి ఆస్పత్రికి పంపే రిపోర్టులో రాయక్కర్లేదన్నాడు.

తర్వాత ఆస్పత్రి పంపిన కాగితం నా ముందు పెట్టాడు. డోరతీ తన లాగ్ పుస్తకంలో పేజీ కాపీ తీసి పంపింది. తారీఖు, టైము, "న్యూజెర్సీకి ఫోన్ చేశాను. సరిపోకపోతే టూల్ ఆపేస్తుందని టూల్స్ ఇంజనీర్ చెప్పారు" అని గుండ్రటి అక్షరాలతో ఉంది. ఆస్పత్రి వాళ్ళు అడిగిందల్లా ఒక్కటే: ఇలాంటి కాల్ జరిగిందా లేదా? జరిగితే డోరతీ అడగాల్సింది అడిగింది. జరగకపోతే మాన్యువల్ చదివి కూడా గాలికొదిలేసింది. ఆవిడ ఉద్యోగం ఆ ఒక్క జవాబు మీద ఉంది. ఆ జవాబు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఏం రాయాలో గ్లెన్ చెప్పలేదు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ నిన్న ఫోన్ చేశాడు, గ్రీన్ కార్డు కాగితాల మీద నా సంతకాలు కావాలట, ఈ వారం చూస్తానులే అన్నాడు. అంతే. బెదిరించాడని నేను ఏ కోర్టులోనూ చెప్పలేను. ఈ దేశంలో బెదిరింపు కూడా ఎంత మర్యాదగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

నాకు దొరికిన సలహాలు

హార్డ్‌వేర్ వైపు ప్రసాదరావుగారని గుంటూరాయన ఉండేవారు. నాకంటే పదేళ్ళు ముందొచ్చినవారు, నన్ను చెల్లెల్లా చూసేవారు. లంచ్‌లో జరిగిందంతా చెప్పాను.

"చూడమ్మాయ్, నీ గ్రీన్ కార్డ్‌కి కంపెనీ ఇవ్వాల్సిన లేబర్ సర్టిఫికేషన్ పెండింగ్‌లో ఉంది. ఆయన సైన్ చెయ్యకపోతే మీ ముగ్గురూ సర్దుకుని పోవాల్సిందే. ఆవిడ సిటిజన్, ఇంకో జాబ్ చూసుకుంటుంది. నీకా ఛాన్స్ లేదు. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా తల దించుకుని పని చేసుకో, తర్వాత ఎంత కావాలంటే అంత నిజం చెప్పు."

ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నారు. అందుకే ఇప్పటికీ కోపం. తర్వాత చెప్పచ్చు అన్న ఆ ఒక్క ముక్క నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మన వాళ్ళం ఈ దేశంలో ఒకరికొకరం ఇచ్చుకున్న సలహాల్లో సగం ఇదే. తల దించుకో, కార్డు రానీ. కార్డొచ్చేసరికి తల ఎత్తడం మర్చిపోతాం.

మా ఆయన మూర్తి నా మీద డిపెండెంట్‌గా వచ్చాడు. ఆయనకి పనిచేసే పర్మిషన్ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది నెలల పాపని చూసుకుంటూ ఉండేవాడు. ఏం చెయ్యమంటారని అడిగాను. పాపకి పాలసీసా పడుతూ, "నీ ఇష్టం సుభద్రా, నువ్వు ఏం చేసినా నాకు ఓకే" అన్నాడు. అందరూ ఎంత మంచి భర్త అంటారు. ఆ పూట నాకు ఆ మంచితనం అక్కర్లేదు. చెప్పు అనో, చెప్పొద్దు అనో ఒక మాట కావాలి. మొత్తం నా నెత్తిన వదిలేసి చేతులు దులుపుకున్నాడనిపించింది. ఆయనతో ఈ సంగతి తర్వాత చాలాసార్లు పోట్లాడాను. ఆయన తప్పు లేదని తెలిసే పోట్లాడాను.

శుక్రవారం రిపోర్టులో నా భాగం రాసిచ్చాను. చివరి వాక్యం ఇది: "అటువంటి ఫోన్ సంభాషణ జరిగినట్టు నాకు జ్ఞాపకం లేదు." కింద సంతకం పెట్టాను. జ్ఞాపకం లేదు అనడంలో సుఖం ఏమిటంటే, దాన్ని అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. ఎవరూ నేర్పకుండానే నాకు ఆ వాక్యం వచ్చేసింది. సోమవారం గ్లెన్ నా కాగితాల మీద సంతకం చేశాడు.

సవరణ టేపు

కస్టమర్లందరికీ సవరించిన మేక్‌ఫైల్ పంపాం. హష్ తీసేశాం. కవరింగ్ లెటర్‌లో, బిల్డ్ టూల్స్‌లో భద్రత మరింత మెరుగుపరిచామని రాశారు. మెరుగుపరిచామట. అది చదివి పళ్ళు కొరుక్కున్నాను, కానీ ఆ ఉత్తరానికి ప్రూఫ్ చూసిందీ నేనే.

ఆ టేపు అందిందో లేదో కనుక్కోవడానికి ఆస్పత్రి ల్యాబ్‌కి ఫోన్ చేశాను. వేరే గొంతు పలికింది. డోరతీ ఉన్నారా అంటే, ఆవిడ ఇప్పుడిక్కడ పనిచెయ్యడం లేదు, మీకేం కావాలి అన్నారు. టేపు గురించి అడిగి పెట్టేశాను.

ఆ మర్నాటినుంచి పనిలో నేను మహా కఠినంగా తయారయ్యాను. ఎవరి మేక్‌ఫైల్‌లో ఏ అడ్డదారి కనిపించినా అందరిముందూ దులిపేసేదాన్ని. స్విచ్చులన్నీ తీయించేశాను, శుభ్రమైన డైరెక్టరీ లేకుండా టేపు కొయ్యనని గ్లెన్ మొహం మీదే చెప్పేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు. క్వాలిటీ మనిషని పేరొచ్చింది. పేరు పెరిగినకొద్దీ నా మీద నాకు అసహ్యం పెరిగింది. టూల్‌ని ఆపడం నేర్పించడం తేలిక. నిజం చెప్పాల్సిన చోట నన్ను నేను ఆపుకున్న సంగతి మాత్రం ఏ ఎడిషన్ నంబరూ పట్టుకోలేదు.

బట్టల కొట్లో

గ్రీన్ కార్డు వచ్చింది. ఐసెలిన్ ఊళ్ళో తెలిసిన మనవాళ్ళందరికీ స్వీట్లు పంచారు ప్రసాదరావుగారు. ఇంకో ఏడాది అక్కడే చేసి, వేరే కంపెనీలో ఉద్యోగం ఖాయం చేసుకుని, అప్పుడు మానేశాను. మానేసిన వారానికి పెన్సిల్వేనియా డ్రైవ్ చేశాను. డోరతీ ఇంటి నంబరు ఫోన్‌బుక్‌లోనే దొరికింది. అన్నాళ్ళూ అది అక్కడే ఉంది. ఫోన్ ఎత్తిన వాళ్ళ అక్క, ఆవిడ పని చేసే చోటు చెప్పింది.

గుడ్డలు గజాల లెక్కన అమ్మే కొట్టు. డోరతీ పొడుగాటి బల్ల వెనకాల నిలబడి కత్తెరతో గుడ్డ కోస్తోంది. నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి, ఎన్ని గజాలు కావాలని అడిగింది. పేరు చెప్పాను. గొంతు పోల్చుకుంది. ముందున్న ఇద్దరు కస్టమర్లకీ గుడ్డ కోసి, చీటీ రాసిచ్చి, అప్పుడు నా వైపు తిరిగింది.

నేను కారులో కూర్చుని కూడబలుక్కున్నదంతా చెప్పేశాను. కాల్ గుర్తుందని, మొదటినుంచీ గుర్తుందని, ఆ శుక్రవారం రిపోర్టులో జ్ఞాపకం లేదని అబద్ధం రాశానని, మేక్‌ఫైల్‌లో లైను నాదని, అప్పుడు వీసా మీద ఉన్నానని, బాస్ సంతకం కావలసి వచ్చిందని, చిన్నపిల్ల ఉందని. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయ్యాక బల్ల కిందనుంచి ఒక ఖాళీ ఆర్డర్ కాగితం తీసి నా ముందుకి తోసింది.

"ఇక్కడే రాయండి."

రాశాను. కాల్ పదకొండు గంటలప్పుడు వచ్చిందని రాస్తే, పదీ నలభై అని దిద్దించింది. కింద సంతకం చెయ్యమంది. తారీఖు వెయ్యమంది. కాగితం తిప్పి రెండుసార్లు చదువుకుంది.

"కార్డు వచ్చేసిందా?" అంది.

వచ్చిందన్నాను.

"ఉద్యోగం?"

మానేశానని, వేరేది దొరికిందని చెప్పాను.

ఆవిడ తల ఊపింది. కోపంగా ఊపలేదు, లెక్క సరిపోయినట్టు ఊపింది. ఆ కాగితాన్ని మడిచి నా చేతికి తిరిగిచ్చేసింది.

"ఇది నాకు ఆ శుక్రవారం కావాల్సింది. ఇప్పుడు మీకు కావాలి కాబట్టి మీరే ఉంచుకోండి" అంది.

వెనకాల ఇంకో కస్టమర్ వచ్చింది. డోరతీ ఆమెని ఎన్ని గజాలని అడిగింది. నేను పక్కకి జరిగి నిలబడ్డాను. ఇంకేమైనా అంటుందేమో, తిడుతుందేమో అని గుడ్డ మొత్తం కోసేదాకా చూశాను. ఆవిడ మళ్ళీ నా వైపు తిరగలేదు.

కాగితం నా దగ్గరే ఉంది. అందులో రాసిన ప్రతి అక్షరం నిజం, కింద వేసిన తారీఖుతో సహా. ఆ తారీఖు రెండేళ్ళు ఆలస్యం. అది చూసినప్పుడల్లా గ్లెన్ మీద గానీ ప్రసాదరావుగారి మీద గానీ కాదు, నాకు నా మీదే ఒళ్ళు మండుతుంది.